పెళ్లి ప్యాకేజీతో ఫైనల్ మ్యాచ్: ఓరుగల్లులో బిగ్ స్క్రీన్ సర్వీసులు ఎంతవరకు పనికొస్తాయి?

హన్మకొండ, వరంగల్, కాజీపేట... ఎక్కడ అడిగినా ఎల్‌ఈడీ స్క్రీన్ ప్యాకేజీ దొరుకుతుంది. స్క్రీన్, దాన్ని నిలబెట్టే ట్రస్, నాలుగు టాప్స్ (మాట, పాట పలికే స్పీకర్లు), రెండు బేస్‌లు (దరువు పలికే పెద్ద స్పీకర్లు), ఒక జనరేటర్, ఒక ఆపరేటర్. బయానా ఇస్తే పొద్దున బండి వచ్చి సామాను దించుతుంది, సాయంత్రానికి తెర మీద బొమ్మ వస్తుంది. ఇది పెళ్లిళ్లు, రిసెప్షన్లు, వినాయక మండపాలు, బతుకమ్మ స్టేజీల కోసం కుదిరిన ప్యాకేజీ. ఆ పనుల్లో మన సప్లయర్లకు వంక పెట్టలేం. వరల్డ్ కప్ ఫైనల్‌కు అదే సామాను, అదే సెట్టింగుతో వస్తే మాత్రం పెళ్లిలో కనిపించని లోపాలన్నీ బయటపడతాయి. పెళ్లిలో స్క్రీన్ రెండు నిమిషాలు ఆగినా ఎవరూ పట్టించుకోరు, వధూవరులు ఎదురుగానే ఉంటారు. మ్యాచ్‌లో తెర తప్ప చూడ్డానికి ఇంకేమీ ఉండదు.

అందుకే ఈ సమీక్షలో ఏ ఒక్క షాపు పేరూ లేదు. ఊళ్లో దొరికే సర్వీసు తీరు మొత్తానికి ఇచ్చే మార్కులివి: సామానుకు మంచివి, సెట్టింగుకు ఒక మోస్తరు, సిగ్నల్ ఏర్పాటుకు చాలా తక్కువ. ఈ మూడోదాన్ని బుక్ చేసేవాళ్లు సరిచేయించుకోవచ్చు. కాకపోతే ఏం అడగాలో ముందే తెలిసుండాలి.

ఈ మధ్య జరిగిన మూడు క్రికెట్ ఫైనల్స్ పక్కపక్కన పెట్టి చూడండి. 2023 నవంబర్ 19న అహ్మదాబాద్‌లో వన్డే ఫైనల్ మధ్యాహ్నం రెండింటికి మొదలైంది, అంటే మొదటి ఇన్నింగ్స్‌లో చాలా భాగం పట్టపగలే. 2024 జూన్ 29న బార్బడోస్‌లో టీ20 ఫైనల్ మనకు రాత్రి ఎనిమిదింటికి, అదీ వానాకాలం మొదట్లో. 2025 నవంబర్ 2న నవీ ముంబైలో మహిళల ఫైనల్ మూడింటికి మొదలవ్వాల్సింది, వాన వల్ల ఐదింటికి మొదలై అర్ధరాత్రి దాకా సాగింది. ఒకదానికి ఎండ, ఒకదానికి వాన, ఒకదానికి ఆలస్యం. "మ్యాచ్ ప్యాకేజీ" అని ఒకే రేటు చెప్పేవాళ్లు ఈ మూడింటికీ ఒకే సామాను పంపుతారు. అసలు చిక్కు అక్కడే.

ముందు స్క్రీన్ సంగతి. పీ 2.9, పీ 3.91, పీ 4.81 అని చెప్పే అంకె రెండు చుక్కల మధ్య దూరం, మిల్లీమీటర్లలో. ఎన్ని మిల్లీమీటర్లైతే మొదటి వరుసను కనీసం అన్ని మీటర్ల దూరంలో వేయాలి. పీ 3.91కి నాలుగు మీటర్లు, పీ 4.81కి ఐదు. అంతకన్నా దగ్గరైతే బంతికి బదులు చుక్కలు కనిపిస్తాయి. వెనక వైపు హద్దును తెర ఎత్తు నిర్ణయిస్తుంది. బొమ్మ ఎత్తుకు ఎనిమిది రెట్లు దాటి కూర్చున్నవాళ్లకు స్కోరు చదవడం కష్టం, బంతి ఎటు పోయిందో అసలే తెలియదు. నాలుగు మీటర్ల వెడల్పు బొమ్మకు ఎత్తు 2.25 మీటర్లు, అంటే ఆఖరి వరుస 18 మీటర్ల దగ్గర ఆగిపోవాలి. 4 నుంచి 18 మీటర్ల మధ్య, 20 మీటర్ల వెడల్పున, నడిచే దారులు వదిలి కుర్చీలు వేస్తే దాదాపు 400 మంది పడతారు. వెయ్యి మందికి పిలుపునిచ్చి ఈ సైజు తెప్పిస్తే వెనకవాళ్లంతా ఫోన్లలో మ్యాచ్ చూసుకుంటారు. వెయ్యి మందికి ఆరు మీటర్ల వెడల్పు, మూడున్నర మీటర్ల ఎత్తు కావాలి. పక్కపక్కన పేర్చి తెర కట్టే అర మీటరు పెట్టెల్లో, అంటే క్యాబినెట్లలో చెప్పాలంటే 84.

మన దగ్గర ఎక్కువగా కోట్ చేసే సైజు 12 బై 8 అడుగులు. పెళ్లి స్టేజీ పక్కన అది అందంగా ఉంటుంది. మ్యాచ్ బొమ్మ మాత్రం 16:9 కొలతలో వస్తుంది. 12 అడుగుల వెడల్పుకు ఎత్తు 6.75 అడుగులే, కాబట్టి పైనా కిందా కలిపి అడుగుంపావు ఖాళీ మిగలాలి. ఆ ఖాళీ బాగోదని ఆపరేటర్ బొమ్మను నిలువునా సాగదీస్తాడు. అప్పుడు బంతి కోడిగుడ్డులా, ఆటగాళ్లు పొడుగ్గా కనిపిస్తారు. సాగదీయకుండా జూమ్ చేస్తే పక్కలు తెగిపోయి స్కోరు పట్టీలో సగం పోతుంది. రెండూ వద్దని ముందే చెప్పండి. మంచి కొలత కావాలంటే 500 మిల్లీమీటర్ల క్యాబినెట్లు ఎనిమిది అడ్డంగా, ఐదు నిలువుగా పెట్టించండి. పీ 3.91లో ఇది 1024 బై 640 పిక్సెళ్లు. మ్యాచ్‌కు 1024 బై 576 పోను, మిగిలిన 64 వరుసలు సరిగ్గా పావు మీటరు పట్టీ అవుతుంది. కాలనీ పేరు, అత్యవసర నంబరు, పార్కింగ్ సూచన అన్నీ అందులో వేసుకోవచ్చు, ఆట బొమ్మ చెక్కుచెదరదు.

ఇదే సైజులో ఇంకో మెలిక ఉంది. 1024ను 640తో గుణిస్తే 6,55,360 పిక్సెళ్లు. బొమ్మను తెరకు పంచి పంపే పెట్టె ప్రాసెసర్. నోవాస్టార్ తరహా ప్రాసెసర్లలో ఒక్కో ల్యాన్ పోర్టు 60 హెర్ట్జ్ (సెకనుకు 60 బొమ్మలు) దగ్గర మోసేది దాదాపు ఆరున్నర లక్షలు. ఒకే కేబుల్‌తో లాగితే హద్దు దాటుతుంది. తెరను రెండు పోర్టులకు పంచాలి, ప్రతి లైను చివరి క్యాబినెట్ నుంచి ఇంకో కేబుల్ వెనక్కి తెచ్చి లూప్ మూయాలి. లూప్ ఉంటే మధ్యలో ఒక కనెక్టర్ ఊడినా బొమ్మ ఆగదు. లేకపోతే ఊడిన చోటు నుంచి చివరిదాకా క్యాబినెట్లన్నీ నల్లబడతాయి. పెళ్లిళ్లలో లూప్ వేయరు, కేబుల్ మిగులుతుందని. ఫైనల్‌కు అది వేయకపోతే ఒప్పుకోకండి.

పెళ్లిలో ఎప్పటికీ బయటపడని లోపం పచ్చరంగులో బయటపడుతుంది. ఒక సప్లయర్ దగ్గర స్క్రీన్ తగ్గితే ఇంకొకరి దగ్గర తెచ్చి కలుపుతారు, పాడైన మాడ్యూల్ (క్యాబినెట్ ముఖాన బిగించే చిన్న ఎల్‌ఈడీ పలక) స్థానంలో వేరే బ్యాచ్‌ది బిగిస్తారు. పూలదండలు, పట్టుచీరలు, రంగు లైట్ల మధ్య ఆ తేడా కంటికి ఆనదు. మైదానం అంటే తెరనిండా ఒకటే పచ్చ. అందులో ప్రతి బ్యాచ్ వేరే గడిగా కనిపించి, మైదానం చదరంగం పలకలా తయారవుతుంది. బయానా ఇచ్చే ముందే తెరంతా పచ్చ, తెలుపు, ఎరుపు, నీలం ఒక్కో నిమిషం పెట్టించి, 10 మీటర్ల దూరం నుంచి చూడండి. తెలుపులో గులాబీ రంగు మచ్చలు, పచ్చలో గడులు కనిపిస్తే ఆ సెట్ వద్దనండి. అలాగే ఫోన్‌తో వీడియో తీయండి. నల్లటి అడ్డగీతలు పాకుతుంటే రిఫ్రెష్ రేటు (తెర సెకనుకు ఎన్నిసార్లు వెలిగి ఆరుతుందో ఆ లెక్క) తక్కువని అర్థం. 3840 హెర్ట్జ్ సెట్ అయితే సమస్య రాదు, 1920 అయితే రీల్స్ తీసే పిల్లలంతా ఫిర్యాదు చేస్తారు.

పగటి మ్యాచ్‌కు వెలుతురు ముఖ్యం. లోపల వాడే స్క్రీన్ వెలుతురు 800 నుంచి 1200 నిట్ల (తెర వెలుతురు కొలత) మధ్య ఉంటుంది. బయట ఎండలో 4500, 5000 నిట్లు లేనిదే బొమ్మ తేలదు. "అవుట్‌డోరే సార్" అన్న మాటతో సరిపెట్టుకోకండి. మాడ్యూల్ ముఖం మీద జిగురు పూత, చిన్న రెక్కల్లాంటి నీడపట్టీలు ఉన్నాయా అని చూడండి. నవంబర్ మధ్యాహ్నం సూర్యుడు నైరుతి వైపు వాలుతాడు కాబట్టి తెర ముఖం ఉత్తరానికి ఉంటే దాని మీద ఎండ పడదు. జనం దక్షిణం వైపు చూస్తారు గనుక వాళ్ల నెత్తిన, పడమటి వైపున షామియానా కట్టించాలి. చీకటి పడగానే వెలుతురు 20, 30 శాతానికి దించమనండి. చాలామంది ఆపరేటర్లు పగటి సెట్టింగే రాత్రికీ ఉంచేస్తారు. తెల్ల బంతి చుట్టూ మెరుపు వ్యాపించి, ముందు వరుసల వాళ్లకు కళ్లు మండుతాయి.

స్క్రీన్ అడుగు ఎత్తు గురించి ఎవరూ మాట్లాడరు. పెళ్లి స్టేజీ పక్కన మూడు అడుగుల మీద నిలబెడతారు. స్కోరు పట్టీ ఉండేదేమో బొమ్మ అడుగున. ముందువాళ్లు ఒక్కసారి లేచి నిలబడితే వెనకవాళ్లకు స్కోరు మాయం. కూర్చునే జనానికి అయిదారు అడుగులు, నిలబడే జనానికి ఏడు అడుగుల పైన స్క్రీన్ మొదలవ్వాలి.

ఇక సిగ్నల్. ఈ సర్వీసుల్లో అన్నిటికన్నా బలహీనమైన భాగం ఇదే. ప్యాకేజీలో "సిగ్నల్" అన్న మాటే ఉండదు, "మీ దగ్గర లింక్ ఉంది కదా" అంటారు. పెళ్లిలో వీడియోగ్రాఫర్ మిక్సర్ నుంచి నేరుగా హెచ్‌డీఎమ్‌ఐ ఇస్తాడు, ఏ గొడవా ఉండదు. సెట్‌టాప్ బాక్స్ బొమ్మకు మాత్రం హెచ్‌డీసీపీ అనే తాళం ఉంటుంది. పాత ప్రాసెసర్ ఆ తాళం తీయలేకపోతే బాక్స్ పని చేస్తున్నా తెర నల్లగానే ఉంటుంది. ఆపరేటర్ కేబుళ్లు మారుస్తూ గంట గడిపేస్తాడు, తప్పు కేబుల్‌లో ఉండదు. దీనికి ఒకటే విరుగుడు. ఆ రోజు వాడబోయే బాక్స్‌నే, ఆ రోజు రాబోయే ప్రాసెసర్‌కు, రెండు రోజుల ముందు సప్లయర్ గోడౌన్‌లోనే కలిపి చూడాలి. "అన్నిటికీ వస్తుంది" అన్న హామీని నమ్ముకుంటే ఫైనల్ రోజున టాస్ టైముకు చేసేదేమీ ఉండదు.

హెచ్‌డీఎమ్‌ఐ కేబుల్ 10, 15 మీటర్లు దాటితే బొమ్మ మిణుకుమంటుంది. కంట్రోల్ టేబుల్ జనం వెనక ఉంటే ఫైబర్ హెచ్‌డీఎమ్‌ఐ కేబుల్‌ గానీ, క్యాట్ 6 ఎక్స్‌టెండర్‌ గానీ కావాలి. ఇంకో సెట్టింగ్: మన డీటీహెచ్ హెచ్‌డీ ఛానళ్లు 50 హెర్ట్జ్ లెక్కన వస్తాయి, పెళ్లి సెట్టింగ్ 60లో ఉంటుంది. మార్చకపోతే పరుగెత్తే బంతి, పక్కకు తిరిగే కెమెరా క్షణక్షణానికి కుదుపుగా కదులుతాయి. ఎందుకో తెలియకపోయినా చూసేవాళ్లకు తలనొప్పి వస్తుంది. ప్రాసెసర్‌ను 50కి మార్చడం రెండు నిమిషాల పని.

డీటీహెచ్ మంచిదా, ఇంటర్నెట్ మంచిదా అంటే రెండూ కావాలి. యాప్‌లో వచ్చే బొమ్మ డీటీహెచ్ కన్నా వెనకపడుతుంది, ఒక్కోసారి అర నిమిషం దాకా. పక్క వీధిలో టీవీ చూసేవాళ్లు "సిక్స్" అని అరిచాక మీ తెర మీద బౌలర్ పరుగు మొదలుపెడతాడు. అందుకని మొదటి దారి డీటీహెచ్. కానీ గట్టి వాన పడితే డిష్ సిగ్నల్ పోతుంది, ఆ తరంగాల గుణమే అంత. జూన్, జూలై మ్యాచ్‌లకు తీగతో వచ్చే ఫైబర్ ఇంటర్నెట్ మీద యాప్ సిద్ధంగా ఉంచి, ప్రాసెసర్ రెండో ఇన్‌పుట్‌కు కలపాలి. మొబైల్ హాట్‌స్పాట్‌ను లెక్కలోకి తీసుకోవద్దు. వెయ్యి ఫోన్లు ఒకే టవర్ మీద పడ్డ చోట అది నిలవదు. యాప్ లాగిన్ ఎవరి నంబరు మీద ఉందో ఆ మనిషి చివరిదాకా అక్కడే ఉండాలి, మధ్యలో ఓటీపీ అడిగితే మ్యాచ్ ఆగిపోతుంది. అదే లాగిన్‌తో ఇంట్లో ఇంకెవరూ చూడకుండా చెప్పి రావాలి.

ఈ దశలోనే హక్కుల మాట కూడా. ఇంటి చందా ఇంటివాళ్లు చూసుకోవడానికే. 1957 కాపీరైట్ చట్టంలోని 37వ సెక్షన్ ప్రకారం, డబ్బు వసూలు చేసి ప్రసారాన్ని జనానికి చూపించడం ప్రసార హక్కును ఉల్లంఘించడమే. టికెట్ పెట్టినా, "ఎంట్రీతో పాటు బిర్యానీ" అన్నా, స్పాన్సర్ బ్యానర్లు కట్టినా ముందుగా హక్కుదారు నుంచి రాతపూర్వక అనుమతి తెచ్చుకోవాలి. ఆ అనుమతి సప్లయర్ చూసుకుంటాడని అనుకోకండి. అతని ఒప్పందం తెర అద్దె వరకే.

కరెంటు దగ్గరకొద్దాం. బయట వాడే స్క్రీన్ చదరపు మీటరుకు గరిష్ఠంగా 800 వాట్లు లాగుతుంది. పది చదరపు మీటర్లకు 8 కిలోవాట్లు. మామూలు బొమ్మకు అందులో మూడో వంతు చాలు. సౌండుకు, లైట్లకు, చాయ్ స్టాళ్లకు కలిపి 25 కేవీఏ జనరేటర్ సరిపోతుంది, వెయ్యి మంది సైజుకైతే 62.5 కేవీఏ తీసుకోవాలి. అయితే మ్యాచ్ ఆగిపోయేది జనరేటర్ చిన్నదవడం వల్ల కాదు, చేంజోవర్ వల్ల. మెయిన్ పోయి జనరేటర్ అందుకునే ఆ కొన్ని క్షణాల్లో సెట్‌టాప్ బాక్స్ ఆఫ్ అవుతుంది. మళ్లీ ఆన్ అయి, సిగ్నల్ వెతికి, ఛానల్ పట్టేసరికి రెండు మూడు నిమిషాలు. స్క్రీన్ వెంటనే వెలుగుతుంది, బొమ్మ రాదు. బాక్స్, రౌటర్, ప్రాసెసర్, సౌండ్ మిక్సర్ ఈ నాలుగింటినీ ఒక కేవీఏ యూపీఎస్ మీద పెడితే చేంజోవర్ జరిగిన సంగతే జనానికి తెలియదు. ఇంత చిన్న సామాను ప్యాకేజీలో ఉండదు. అడిగి రాయించుకోండి. మొత్తం మ్యాచ్ జనరేటర్ మీదే నడిపి, కరెంటు సంస్థ టీజీ ఎన్పీడీసీఎల్ తాత్కాలిక కనెక్షన్‌ను వెనకదన్నుగా పెట్టుకోవడం ఇంకా మేలు. మ్యాచ్‌కు ముందు ఒక్కసారి నిజంగానే మెయిన్ ఆపి చూడండి. ఆపరేటర్ వద్దంటాడు, అయినా ఆపించండి.

స్పేర్ సామాను అడగండి. ప్రతి వంద మాడ్యూళ్లకు ఐదు, క్యాబినెట్ లోపల బొమ్మను అందుకునే రిసీవింగ్ కార్డు ఒకటి, ఒక 5 వోల్టుల పవర్ సప్లయి, నాలుగైదు ప్యాచ్ కేబుళ్లు. ఇవి గోడౌన్‌లో ఉంటే లాభం లేదు, స్క్రీన్ వెనకే ఉండాలి. గెలిచినప్పుడు పేల్చే రంగు కాగితాల గొట్టాల్లో మెరిసే రేకు ముక్కలుంటాయి, అవి క్యాబినెట్ వెనక కనెక్షన్లలో పడితే షార్ట్ అవుతుంది. ఉత్త కాగితం ముక్కలున్నవే తెప్పించి, స్క్రీన్‌కు ఎదురుగా కాకుండా పక్కకు పేల్చండి.

సౌండ్ విషయంలో మనవాళ్ల అలవాటు బేస్ పెంచడం. డీజేకు అది పనికొస్తుంది, కామెంటరీ మాత్రం గుయ్యిమని మాట అర్థం కాదు. టాప్స్ తల ఎత్తుకన్నా పైకి లేపి, బేస్‌లు దాదాపు మూసేసి, మాట పలికే మధ్య స్థాయి కొంచెం పెంచితే నాలుగు టాప్స్‌తోనే 400 మందికి చక్కగా వినిపిస్తుంది. వెనక ఇంకో జత పెడితే ఆలస్యం సెట్ చేయాలి. శబ్దం ఒక్కో మీటరుకు దాదాపు మూడు మిల్లీసెకన్లు తీసుకుంటుంది, 30 మీటర్ల దూరానికి 90 మిల్లీసెకన్లు వేయకపోతే ప్రతి మాట రెండుసార్లు వినిపిస్తుంది. కామెంటరీ భాష బాక్స్‌లోనే మారుతుంది. తెలుగు పెట్టాలో ఇంగ్లిష్ పెట్టాలో ముందే తేల్చుకోండి, మధ్యలో మారిస్తే గొడవ.

శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు 2000లో వచ్చాయి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడ్‌స్పీకర్లు, పటాసులు కూడదు. తలుపులు మూసుకునే ఆడిటోరియం, కమ్యూనిటీ హాలు, బాంకెట్ హాల్ లోపలికి మినహాయింపు ఉంది. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, కోర్టుల చుట్టూ కనీసం వంద మీటర్లను నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు, కాబట్టి ఎంజీఎం ఆసుపత్రి చుట్టుపక్కల మైదానం ఆలోచనే వద్దు. బార్బడోస్ ఫైనల్ మనకు పదిన్నరకు కూడా అవ్వలేదు, మహిళల ఫైనల్ అర్ధరాత్రికి చేరింది. పెద్ద మైదానమైనా, కాలనీ పార్కైనా, ఆరుబయట పెట్టేవాళ్లు రాత్రి పది తర్వాత ఏం చేస్తారో మైక్ అనుమతి దరఖాస్తులోనే తేల్చుకోవాలి. తెర నడుస్తుంది, స్పీకర్లు నడవవు. పది తర్వాత స్పీకర్లు ఆపి, యాప్‌లో కామెంటరీ ఇయర్‌ఫోన్లతో వినమంటే కుదరదు, యాప్ వెనకపడుతుంది కాబట్టి. ఎఫ్‌ఎం రేడియోలు, సైలెంట్ హెడ్‌ఫోన్లు ఇక్కడ ఏ ప్యాకేజీలోనూ ఇవ్వరు. రాత్రి మ్యాచ్ అయితే మొదటి నుంచే హాల్ చూసుకోవడం ఉత్తమం.

ఈదురుగాలి గురించి మెత్తగా చెప్పే వీల్లేదు, ఇది ప్రాణాల సంగతి. పది చదరపు మీటర్ల స్క్రీన్ మీద గంటకు 60 కిలోమీటర్ల గాలి 200 కిలోలకు పైగా తోస్తుంది. దాని మధ్యబిందువు నేల నుంచి దాదాపు మూడు మీటర్ల ఎత్తున ఉంటుంది కాబట్టి తిప్పే బలం ఇంకా ఎక్కువ. ట్రస్ వెనక కాళ్లు రెండు మీటర్లైనా బయటకు ఉండాలి, వాటి చివర 200 లీటర్ల నీళ్ల డ్రమ్ములు నిండుగా మూడు ఉండాలి. చాలాచోట్ల ఇసుక సంచులు నాలుగు పడేసి, పక్కనున్న వేపచెట్టుకు తాడు కట్టి పని అయిందంటారు. అది చాలదు. గాలి మొదలైతే తెర దించే నిర్ణయం ఎవరిదో ఒకే పేరు రాసి పెట్టండి. ఆ మనిషి చెబితే ఆఖరి ఓవరైనా దించాల్సిందే. వాన నీళ్ల సంగతి చూస్తే స్క్రీన్ ముందు వైపు తడవకుండా తట్టుకుంటుంది గానీ, వెనక వైపు క్యాబినెట్లలో ఆ రక్షణ తక్కువ. టార్పాలిన్ పైన మాత్రమే కప్పాలి, వెనక మొత్తం మూసేస్తే వేడి బయటికి పోదు.

స్క్రీన్ బదులు ఇంకో రెండు సర్వీసులున్నాయి. ఎన్నికల ప్రచారానికి తిరిగే ఎల్‌ఈడీ వ్యాన్ అరగంటలో సిద్ధమవుతుంది, గాలికి భయం తక్కువ, బస్తీలో 100, 150 మందికి చక్కగా సరిపోతుంది. బొమ్మ కొలత 16:9 కాకపోవడం, వ్యాన్ జనరేటర్ రొద ముందు వరుసకు వినిపించడం దాని లోపాలు. వ్యాన్ దొరకడం కూడా రాజకీయాల మీద ఆధారపడుతుంది. 2023 ఫైనల్ సరిగ్గా అసెంబ్లీ ప్రచారం మధ్యలో పడింది, పోలింగ్ నవంబర్ 30న. అలాంటి రోజుల్లో వ్యాన్లూ కష్టమే, ఎన్నికల కోడ్‌లో సభా అనుమతులూ కష్టమే.

రెండోది ప్రొజెక్టర్, ఎవరూ గౌరవించని సర్వీసు ఇది. చీకటి చేయగలిగిన హాల్లో 12 అడుగుల వెడల్పు తెరకు 5000 ల్యూమెన్ల (ప్రొజెక్టర్ వెలుతురు కొలత) ప్రొజెక్టర్ ఇచ్చే బొమ్మ, పీ 4.81 ఎల్‌ఈడీ కన్నా కంటికి హాయిగా ఉంటుంది. చుక్కలు కనిపించవు, మైదానం గడులు పడదు, అద్దె చాలా తక్కువ. లేజర్ ప్రొజెక్టర్ అడగండి. ల్యాంప్‌ది అయితే కరెంటు పోయాక చల్లబడేదాకా మళ్లీ వెలగదు. 150 మంది లోపు కార్యక్రమానికి ఇదే మంచిదని నిర్మొహమాటంగా చెబుతున్నాం.

ఇక్కడే 2026 ఫుట్‌బాల్ వరల్డ్ కప్ లెక్క కలుస్తుంది. జూన్ 11 నుంచి జూలై 19 దాకా అమెరికా, కెనడా, మెక్సికోల్లో 48 జట్లు, 104 మ్యాచ్‌లు. న్యూజెర్సీలో ఫైనల్ అక్కడి టైము ప్రకారం మధ్యాహ్నం మూడింటికి, మనకు జూలై 20 అర్ధరాత్రి దాటాక పన్నెండున్నరకు. మైదానంలో స్పీకర్లు పెట్టే టైము కాదు, ఆకాశం నమ్మదగిన కాలమూ కాదు. హాల్ తప్పదు. కాజీపేట రైల్వే కాలనీలు, నిట్ ఇంజనీరింగ్ కాలేజీ హాస్టళ్ల చుట్టూ ఫుట్‌బాల్ చూసేవాళ్లు రెండు మూడు వందల మంది ఒకచోట చేరడం కష్టమేమీ కాదు. హంటర్ రోడ్ మీద ఫంక్షన్ హాళ్ల వరుసే ఉంది. పంచాంగం కూడా కలిసొస్తుంది. మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం, పెళ్లిళ్లు ఉండవు. జూన్ మధ్య నుంచి జూలై 14 దాకా నిజ జ్యేష్ఠంలో ముహూర్తాలున్నాయి, ఆ రోజుల్లో హాళ్లూ స్క్రీన్లూ పెళ్లిళ్లకే పోతాయి. జూలై 15న ఆషాఢం మొదలవుతుంది, సెమీస్ కూడా మనకు అదే తేదీన అర్ధరాత్రి దాటాక మొదలు. సెమీస్‌కు, ఫైనల్‌కు హాళ్లు, స్క్రీన్లు ఖాళీగా ఉంటాయి కాబట్టి బేరం గట్టిగా ఆడొచ్చు. అదే జూన్ చివరి నాకౌట్ మ్యాచ్‌లకు రేటు దిగదు.

ఫుట్‌బాల్‌కు గంటల ఒప్పందం వేరేగా రాయాలి. 90 నిమిషాలు, పదిహేను నిమిషాల విరామం, ఈసారి ఒక్కో సగంలో మూడు నిమిషాల నీళ్ల విరామం, తేలకపోతే ఇంకో 30 నిమిషాలు, పెనాల్టీలు, బహుమతి ప్రదానం. పన్నెండున్నరకు మొదలైతే నాలుగింటి దాకా హాల్, ఆపరేటర్, డీజిల్ ఉండాలి. 25 కేవీఏ సెట్ గంటకు మూడు నాలుగు లీటర్లు తాగుతుంది. బంకు దగ్గర్లోనే ఉందని అర్ధరాత్రి క్యాన్ పట్టుకుని బయల్దేరే పరిస్థితి రానీయకండి.

తిండి గురించి రెండు ముక్కలు. క్రికెట్‌లో జనం ఓవర్ల మధ్య విడివిడిగా లేస్తారు, ఫుట్‌బాల్‌లో పదిహేను నిమిషాల్లో అందరూ ఒకేసారి లేస్తారు. 300 మందికి చాయ్ 80 మిల్లీలీటర్ల కప్పుల్లో 24 లీటర్లు. ఒక మనిషి నిమిషానికి పది కప్పులు పోస్తాడనుకుంటే మూడు కౌంటర్లు ఉంటేనే ఆట మొదలయ్యేసరికి జనం కుర్చీల్లో ఉంటారు. మిర్చీలు, సర్వపిండి బయట చేయించి లోపలికి తేవాలి. నూనె మూకుడు, గ్యాస్ సిలిండర్ షామియానాకు, జనరేటర్‌కు పది మీటర్ల అవతల ఉండాలి. ప్యానెల్ బోర్డు దగ్గర సీఓ2 సిలిండర్, పొయ్యి దగ్గర ఏబీసీ పౌడర్ సిలిండర్‌తో పాటు వంటనూనె మంటలకు పనికొచ్చే సిలిండర్ ఉంచండి.

బిల్లు ఎలా వేస్తారంటే చదరపు అడుగుకు, రోజుకు ఇంత అని స్క్రీన్ రేటు చెబుతారు. ట్రస్, ట్రాన్స్‌పోర్టు, డీజిల్, ఆపరేటర్ బత్తా తర్వాత కలుస్తాయి. మొత్తం కలిపి ఒకే అంకె అడగండి. కాగితం మీద ఉండాల్సినవి: స్క్రీన్ పిచ్ (చుక్కల మధ్య దూరం), క్యాబినెట్ల సంఖ్య, రిఫ్రెష్ రేటు, స్క్రీన్ అడుగు ఎత్తు, యూపీఎస్, లూప్ కేబుల్, స్పేర్లు, డ్రమ్ములు, మ్యాచ్ ఆలస్యమైతే గంటకు అదనపు రేటు, వానకు రద్దయి రిజర్వ్ డేకు పోతే అదే రేటుకు రెండో రోజు. బయానా సగం మించి ఇవ్వకండి, మిగతాది బహుమతి ప్రదానం అయ్యాకే. ఒక్క ఆపరేటర్‌తో ఎనిమిది గంటల వన్డే నడవదు, ఇద్దరు కావాలని రాయండి.

మా సిఫార్సు ఇదీ. పగటి వన్డేకు పీ 4.81 లేదా పీ 3.91 అవుట్‌డోర్ స్క్రీన్, ఉత్తర ముఖం. సాయంత్రం టీ20కి తొమ్మిదిన్నరకే ముగిసేదైతే తప్ప హాల్. ఫుట్‌బాల్ సెమీస్, ఫైనల్‌కు ఫంక్షన్ హాల్లో పీ 2.9 స్క్రీన్, 150 మంది లోపైతే లేజర్ ప్రొజెక్టర్. బస్తీలో లీగ్ మ్యాచ్‌లకు వ్యాన్. పొద్దున పదింటికల్లా ట్రస్ నిలబడాలి, మ్యాచ్‌కు రెండు గంటల ముందే తెర వెలగాలి, ఆ రెండు గంటలు ఏదో ఒక లైవ్ మ్యాచ్ నడపాలి. విప్పే పని మాత్రం రాత్రే పెట్టుకోవద్దు. నిద్రలేని కూలీలు చీకట్లో ట్రస్ విప్పితే ప్రమాదం, అందుకే హాల్‌ను మరుసటి రోజు పొద్దున పది దాకా మాట్లాడుకోండి.